పసిఫిక్ దీవుల బెరడు గుడ్డ: మాసి, న్గాతు, సియాపోల మీద రంగు ఎలా వేస్తారు, ఆ నమూనాలు ఎవరివి?

పెడన_అచ్చుబల్ల:

మాది అచ్చు కలంకారీ పని. ఫిజీ నుంచి వచ్చిన బెరడు గుడ్డ ఒకటి తెచ్చి, ఇలాంటి నమూనాలే కాటన్ దుపట్టాల మీద కావాలని ఒక కొనుగోలుదారు అడుగుతున్నారు. గుడ్డ పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు అరవై సెంటీమీటర్లు. నేత లేదు, దారం లేదు. వెలుతురుకు పట్టి చూస్తే పొడవాటి పీచు గీతలు కనిపిస్తున్నాయి. తెల్లటి నేల మీద నలుపు, ఇటుక రంగు. త్రికోణాలు, నక్షత్రాల్లాంటి పూలు, అంచులన్నీ కత్తితో కోసినంత పదునుగా ఉన్నాయి.

నా సందేహాలు. ఇది అచ్చుతో వేసిందేనా? అచ్చయితే ఎక్కడో ఒకచోట రంగు పొంగుతుంది, ఇందులో ఎక్కడా పొంగలేదు. కరక్కాయ, పటిక లేకుండా రంగు ఎలా పట్టింది? ఈ గుర్తులకు అర్థాలున్నాయా, వాటిని తీసుకుని మనం అచ్చు చెక్కించుకుంటే తప్పా? గుడ్డ మడతల దగ్గర చిట్లుతోంది, ఇస్త్రీ చేసి ఫ్రేము కట్టించొచ్చా? చివరిది, ఈ చెట్టు మన దగ్గర పెంచుకోవచ్చా?

కడలి_కబురు:

ఇస్త్రీ మాత్రం చేయకండి. దాచడం గురించి తెలిసినవాళ్ళు రాస్తారు, నేను తయారీ చెబుతాను.

మీరు చెప్పిన రంగులు, పదును చూస్తే అది మాసి, అంటే ఫిజీ బెరడు గుడ్డ. (నల్లరంగుకు వాడే మసితో కలవకుండా దీర్ఘం పెట్టి రాస్తున్నాను.) వేసింది అచ్చుతో కాదు, స్టెన్సిల్‌తో, అంటే నమూనా ఆకారంలో కోసిన రేకుతో. పసిఫిక్‌లో బెరడు గుడ్డ చేసే దీవులు చాలా ఉన్నాయి కానీ స్టెన్సిల్ ఫిజీ వాళ్ళ ప్రత్యేకత. పూర్వం అరటాకు, మొగలి జాతి ఆకులు కోసి వాడేవాళ్ళు. ఇప్పుడు వాడేసిన ఎక్స్‌రే ఫిల్ములు, ప్లాస్టిక్ షీట్లు. గుడ్డ ముక్కను చిన్న ఉండలా చుట్టి, చిక్కటి రంగులో అద్ది, అదనపు రంగు పిండేసి, దాదాపు పొడిగా ఉన్నప్పుడు స్టెన్సిల్ అంచు నుంచి లోపలికి తడుతూ వేస్తారు. రంగు పొంగకపోవడానికి కారణం అదే. ఉండ తడిగా ఉంటే రంగు స్టెన్సిల్ కిందికి దూరుతుంది, పైగా తడిసిన చోట గుడ్డ పీచు లేచి బొచ్చులా అవుతుంది. మీ గుడ్డ మూలలు జాగ్రత్తగా చూడండి. కొలత కర్ర పెట్టి లెక్కకట్టినట్టు కాకుండా, ఒక మూలలో త్రికోణం సగానికి ఆగి ఉంటుంది, ఇంకో మూలలో ఇరుక్కుని ఉంటుంది. చేతిపనికి అదే గుర్తు.

ఇక గుడ్డ. చెట్టు పేపర్ మల్బరీ. మన పట్టుపురుగుల మల్బరీ కుటుంబంలోదే కానీ వేరే చెట్టు. జపాన్‌లో కోజో కాగితం చేసేది దీని దగ్గరి బంధువుతోనే. పసిఫిక్‌లో దీన్ని గింజ వేసి పెంచరు, వేరు పిలకలు నాటుతారు. దగ్గర దగ్గరగా నాటి, పక్క కొమ్మలు మొగ్గలోనే గిల్లేస్తారు. గిల్లడం మరిచిన ప్రతిచోటా బెరడులో ఒక కన్ను పడుతుంది, కొట్టినప్పుడు ఆ కన్ను చిల్లు అవుతుంది. పందులు, మేకలు గీరినా అంతే. ఏడాది నుంచి ఏడాదిన్నర లోపు, కాండం మన బొటనవేలి కంటే కొంచెం లావుగా, మనిషి కంటే ఎత్తుగా ఉన్నప్పుడు నరుకుతారు. ముదిరితే పీచు గట్టిపడి విచ్చుకోదు.

నరికిన రోజే మొదలు దగ్గర గాటు పెట్టి బెరడంతా ఒకే పట్టీగా లాగేస్తారు. పైన ముదురు గోధుమ తొక్క, లోపల తెల్లని నార. ఈ రెండూ విడిపోవాలంటే పాలు ఆరకూడదు. ఒక రోజు ఆలస్యమైతే తొక్క అతుక్కుపోతుంది, గోకి తీయాలంటే నార కూడా పోతుంది. గుడ్డలో గోధుమ మచ్చలు కనిపిస్తే సాధారణంగా ఇక్కడ జరిగిన తొందరపాటే. సమోవాలో ఈ నారను వాలుగా పెట్టిన పలక మీద వేసి, నీళ్ళు పోస్తూ ఆల్చిప్పలతో గోకుతారు. గరుకు చిప్పతో మొదలుపెట్టి నున్నటి దానితో ముగిస్తారు. చిప్ప మెత్తగా ఒత్తితే జిగురు, పచ్చదనం పోతాయి, గట్టిగా ఒత్తితే నార చిరుగుతుంది.

తరవాత కొట్టడం. దుంగ మీద నార పరిచి, ఇకె అనే చెక్క సుత్తితో కొడతారు. అది నాలుగు పలకల కర్ర. గాళ్ళున్న పలకలతో మొదట కొడితే నార అడ్డంగా విచ్చుకుంటుంది, చివర్లో నున్నటి పలకతో సరిచేస్తారు. నాలుగు వేళ్ళ వెడల్పున్న పట్టీ మూరెడు దాకా సాగుతుంది. కొట్టేది అడ్డం కోసమే, పొడవు పెద్దగా పెరగదు. ఫిజీలో రెండు మూడు పట్టీలు ఒకదాని మీద ఒకటి వేసి, మడిచి, కొట్టి, విప్పి, మళ్ళీ వేరే వైపు మడిచి కొడతారు. తడిగా ఉన్నంతసేపూ నారలు ఒకదానిలోకి ఒకటి దిగిపోయి పొరల మధ్య గీత మాయమైపోతుంది. ఆరిపోతే కలవవు, మరీ తడిస్తే గుజ్జవుతుంది. ఆ మధ్య పదును కనిపెట్టడమే పనిమంతురాలి తెలివి. పనిమంతురాలు అని ఊరికే అనలేదు, ఫిజీ, టోంగా, సమోవాల్లో ఇది ఆడవాళ్ళ పని.

ఫిజీలో మాసికి పేరున్న చోట్లు వతులేలే దీవి, లౌ దీవుల్లో మోదె. మీ దగ్గరున్నది ఏ ఊరిదో ఫొటో చూసి చెప్పేస్తామనేవాళ్ళను నమ్మకండి. ఇప్పుడు అమ్మకానికి చేసే మాసిలో నమూనాలు చాలా కలిసిపోయాయి.

పెడన_అచ్చుబల్ల:

స్టెన్సిల్ సంగతి అర్థమైంది, చాలా సంతోషం. మరి టోంగా, సమోవా గుడ్డల మీద అచ్చును గుడ్డ కింద పెడతారని ఎక్కడో చదివాను. అదెలా కుదురుతుంది? మేం గొనెపట్టా మీద గుడ్డ పరిచి, అచ్చును రంగు తట్టలో అద్ది పైనుంచి కొడతాం. కింద పెడితే రంగు ఎక్కడ తీసుకుంటుంది?

నార_పీచు:

కింద పెట్టిన అచ్చు రంగు తీసుకోదండీ. ఎత్తుపల్లాలు ఇస్తుందంతే. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే బొమ్మ తేలినట్టు, రంగు పైనుంచి రుద్దుతారు.

టోంగాలో ఆ అచ్చును కుపేసి అంటారు. చెక్క కాదు. ఆకు పట్టాల మీద కొబ్బరి ఈనెలను నమూనా ప్రకారం వంచి, పీచు దారంతో కుట్టిన పలక. సమోవాలో దీన్నే ఉపేతి అంటారు. అక్కడా పూర్వం ఆకులతో కుట్టినదే, తరవాత చెక్క మీద చెక్కడం వచ్చింది. చెక్క వచ్చాక గీతలు లావయ్యాయి, నమూనా నిబ్బరంగా మారింది. మ్యూజియంలో రెండు కాలాల సియాపోలు (సమోవా బెరడు గుడ్డలు) పక్కపక్కన పెడితే ఇట్టే తెలిసిపోతుంది.

పని జరిగే తీరు ఇది. ఒక పొడవాటి బల్ల, పైభాగం దుంగలా గుండ్రంగా వంగి ఉంటుంది. దాని మీద కుపేసీలు వరసగా కట్టేస్తారు. బల్లకు రెండు వైపులా ఆడవాళ్ళు కూర్చుంటారు. మొదట రంగు లేని గుడ్డ పట్టీలు ఒక దిశలో పరుస్తారు. వాటి మీద జిగురు. పసిఫిక్ ఆరారూట్ దుంపను సగం ఉడికించి, ఆ దుంపనే పట్టుకుని గుడ్డ మీద రుద్దుతారు, విడిగా గంజి కాచే పని లేదు. ఆ దుంప దొరక్కపోతే కర్రపెండలం. దాని పైన రెండో పొర, మొదటిదానికి అడ్డంగా. రెండు పొరల నారలు ఇలా అడ్డదిడ్డంగా ఉంటేనే గుడ్డ ఏ దిశలోనూ చిరగదు. ఒకే దిశలో వేస్తే నార వెంట దారంలా చీలుకుంటూ పోతుంది. తరవాత రంగులో ముంచి పిండిన బెరడు గుడ్డ ఉండతో అందరూ బలంగా రుద్దుతారు. ఈనె ఎత్తుగా ఉన్నచోట రంగు ముదురుగా, మిగతా చోట లేతగా పడుతుంది. ఒక్క రుద్దుడులో మూడు పనులు అయిపోతాయి: పొరలు అతుక్కుంటాయి, నమూనా తేలుతుంది, నేల రంగు పడుతుంది. అది అయ్యాక గుడ్డను ముందుకు జరిపి తరవాతి భాగం.

ఆ భాగం పేరు లంగంగా, సుమారు అర మీటరు. టోంగాలో న్గాతు, అంటే వాళ్ళ బెరడు గుడ్డ, పొడవును మీటర్లలో చెప్పరు, లంగంగాల్లో చెబుతారు. అంచున ప్రతి భాగానికీ అంకె వేస్తారు. యాభై భాగాల గుడ్డను లౌనిమా అంటారు. వెడల్పు మూడు నాలుగు మీటర్లు ఉంటుంది కాబట్టి అది ఇంటి నేల మీద పట్టదు, సభా మందిరంలోనో పచ్చిక మీదో పరచాల్సిందే. ఆరాక పనితనం అసలు మొదలవుతుంది. రుద్దుడులో లేతగా తేలిన గీతల మీద ముదురు రంగుతో చేత్తో దిద్దుతారు. కుంచె మొగలి జాతి పండు తొన. ఒక కొన ఎండి పీచుగా విచ్చుకున్నది, ఇంకేమీ చెక్కక్కర్లేదు.

కలంకారీ వాళ్ళకు ఇది వింతగా అనిపించకూడదు. సమోవాలోనూ రుద్ది చేసే సియాపో వేరు, పూర్తిగా చేత్తో గీసేది వేరు. మన పెడన అచ్చు పనికీ, శ్రీకాళహస్తి కలం పనికీ ఉన్న తేడా లాంటిదే. మీరు అడిగినట్టు నిజంగా పైనుంచి కొట్టే అచ్చు కావాలంటే హవాయి చూడండి. అక్కడ వెదురు బద్ద కొసన చిన్న నమూనా చెక్కి, రంగులో ముంచి, కపా అనే బెరడు గుడ్డ మీద ఒత్తేవాళ్ళు. కపాను కొట్టే సుత్తిలోనే నమూనా చెక్కి, నోటులో నీటి గుర్తులా, వెలుతురుకు పడితేనే కనిపించే గుర్తులు వేసేవాళ్ళు. 19వ శతాబ్దంలో మిల్లు గుడ్డ వచ్చాక ఆ పని దాదాపు ఆగిపోయింది, 1970ల నుంచి మళ్ళీ నేర్చుకుంటున్నారు.

రంగుల సంగతి. మీ కరక్కాయ చేసే పని అక్కడ చెట్టు బెరడే చేస్తుంది. టోంగాలో కోకా, సమోవాలో ఓఆ, రెండూ ఒకే చెట్టు, బిషోఫియా. దాని బెరడు కోరి, పీచులో వేసి మెలిపెట్టి రసం పిండుతారు. అందులో టానిన్ అనే వగరు పదార్థం దండిగా ఉంటుంది. టానిన్ నారను దానంతట అదే పట్టుకుంటుంది, గాలి తగిలే కొద్దీ ముదురుతుంది. కొత్తగా వేసినప్పుడు లేత తేనె రంగులో ఉండేది ఏళ్ళ తరబడి చాక్లెట్ రంగుకు వస్తుంది. ఫిజీలో మడ చెట్ల బెరడు రసం కూడా వాడతారు. నలుపు అంటే మసి. క్యాండిల్‌నట్ గింజలు కాల్చి, పైన పట్టిన మసిని గీసి ఆ బెరడు రసంలో కలుపుతారు. ఉత్త మసి నీళ్ళలో కలిపితే ఆరాక చేతికి అంటుకుంటుంది, రసంలోని జిగురే దాన్ని పట్టి ఉంచుతుంది. ఫిజీ ఇటుక రంగు ఎర్రమట్టి. సమోవాలో పసుపు కోసం పసుపు కొమ్మే, ఎరుపు కోసం జాఫ్రా. అవును, విశాఖ మన్యంలో పండే జాఫ్రానే. అది అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క కాబట్టి ఆ ఎరుపు మరీ పాతదేమీ కాదు.

ఇంకొకటి. ఈ గుడ్డను ఉతకరు. మీ రంగు గంగాళంలో ఉడికి, కాలవలో ఉతుకుడు తట్టుకోవాలి. ఈ రంగుకు ఆ పరీక్షే లేదు. అందుకని పటిక అవసరం రాలేదు. టోంగాలో ముదురు గోధుమ కోసం బెరడు రసంలో తుప్పు పట్టిన ఇనుము వేసే అలవాటు ఉంది. మీరు ఇనుప తుక్కు, బెల్లం ఊరబెట్టి తీసే నల్లరసం, కరక్కాయ కలిస్తే ఏం జరుగుతుందో అదే ఇక్కడా జరుగుతుంది. నష్టమూ అదే. పాత కలంకారీల్లో నల్ల గీత ఉన్నచోటే గుడ్డ తినేసినట్టు పోతుంది కదా, ఇనుము కలిపిన న్గాతులో కూడా ముదురు గీతల వెంటే చిట్లుతుంది.

తీరం_దాటి:

తయారీ బాగా చెప్పారు. నమూనాలు వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు ఎవరూ రాలేదు, నాకు అదే ముఖ్యం.

ఈ గుడ్డను అలంకరణ వస్తువుగా చూడటం మొదలుపెడితే దారి తప్పుతాం. టోంగాలో దీన్ని కోలోవా అంటారు, అంటే ఆడవాళ్ళు చేసే సంపద. మేలిరకం చాపలు, న్గాతు అందులోకి వస్తాయి. పుట్టుక, పెళ్ళి, చావు, బిరుదు ఇవ్వడం, వీటిలో ఏదీ ఇవి చేతులు మారకుండా జరగదు. ఎవరింటి నుంచి ఎంత పొడవు వచ్చింది, దాన్ని ఎవరికి ఇచ్చారు అన్నది అందరూ గుర్తుపెట్టుకుంటారు. పెద్ద గుడ్డను అంకెల దగ్గర కోసి పంచుతారు. కాబట్టి ఒక పక్క అంచు లేకుండా కోసినట్టున్న ముక్క దొరికితే అది పాడైనది అనుకోకండి, ఒక కార్యంలో పంచగా వచ్చిన భాగం కావచ్చు. వెల్లింగ్టన్ తె పాపా మ్యూజియంలో ఒక లౌనిమా ఉంది. 1953లో ఎలిజబెత్ రాణి టోంగా వచ్చినప్పుడు చేసింది. 1965లో టోంగా రాణి సలోటే ఆక్లండ్‌లో చనిపోయినప్పుడు అదే గుడ్డ ఆమె అంతిమయాత్రకు వాడారు. స్వాగతానికి చేసినదాన్ని చావుకు వాడటమేమిటని మనకు అనిపిస్తుంది. వాళ్ళ లెక్కలో ఒక గొప్ప కార్యం చూసిన గుడ్డకు ఇంకో గొప్ప కార్యంలో విలువ పెరుగుతుంది.

ఫిజీలో పూర్వం గుడి కప్పు నుంచి నేల దాకా తెల్లటి మాసి వేలాడదీసేవాళ్ళు, దేవుడు పూజారిలోకి దిగివచ్చే దారి అది. నాయకుడికి పట్టం కట్టేటప్పుడు భుజానికి మాసి పట్టీ కడతారు. పొగ పెట్టి ముదురు గోధుమ చేసిన మాసి కూడా పెద్ద నాయకులకే చెందేది. పెళ్ళిలో వధూవరులిద్దరికీ ఇప్పటికీ మాసి చుడతారు. కేవలం రంగు, తెలుపు, పొగ కూడా ఒక హోదా చెబుతాయి, బొమ్మ ఉండక్కర్లేదు.

ఇక బొమ్మలు. అన్నిటికీ ఒక్కో అర్థం రాసిన పట్టిక ఎక్కడైనా కనిపిస్తే పర్యాటకుల కోసం అచ్చువేసింది అనుకోండి. కొన్నిటికి స్పష్టమైన చిరునామా ఉంది. టోంగా మానులువా, త్రికోణాలు ఎదురెదురుగా కలిసే నమూనా, రెండు పెద్ద వంశాల కలయికను చెబుతుంది. రాజప్రాసాదానికి వెళ్ళే దారిలోని పైన్ చెట్ల వరస ఇంకో నమూనా. రాజచిహ్నం, సింహం కూడా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ విమానాల కోసం టోంగా చందాలు పోగుచేసింది, ఆ తరవాత న్గాతు మీద విమానాలూ వచ్చాయి. సమోవాలో మొగలి ఆకు, పనస జాతి బ్రెడ్‌ఫ్రూట్ ఆకు, చేపల వల, సముద్రపు నక్షత్రం, పక్షి అడుగులు. ఇవి చుట్టూ కనిపించే వస్తువులు, వీటికి అంతకు మించి గూఢార్థాలు అంటగట్టడం మన ఉబలాటం.

ఫిజీలో నమూనాల మీద ప్రాంతాలకు, వంశాలకు పట్టింపు ఉంది. 2013లో ఫిజీ ఎయిర్‌వేస్ తన కొత్త రూపు కోసం చేయించిన పదిహేను మాసి నమూనాలకు ట్రేడ్‌మార్క్ అడిగింది. గీసింది మాకెరెతా మాతెమోసి అనే పేరున్న మాసి కళాకారిణే. అయినా దేశంలో పెద్ద గొడవైంది. ఊళ్ళో అందరూ తరతరాలుగా వేసుకునేది ఒక కంపెనీ సొత్తు ఎలా అవుతుందని జనం అడిగారు. డబ్బిచ్చి ఒక కళాకారిణితో చేయించుకున్న సొంత దేశపు సంస్థకే అంత నిలదీత ఎదురైతే, పెడనలో ఆ గుడ్డ చూసి నేరుగా అచ్చు చెక్కించడం ఎంతవరకు సబబో మీరే చూడండి. చట్టప్రకారం ఎవరూ పట్టుకోకపోవచ్చు. కలంకారీకి భౌగోళిక గుర్తింపు కావాలని మనం కోరి తెచ్చుకున్నాం, మిల్లు ప్రింటును కలంకారీ అని అమ్మితే మండిపడతాం. అదే కొలత ఇక్కడా వాడాలి.

నా సలహా: గీత, త్రికోణం, గడి ఎవరి సొత్తూ కాదు. వాటితో మీ సొంత అమరిక చేసుకోండి, మాసి అని, ఫిజీ అని పేరు పెట్టకండి. కొనుగోలుదారుకు అచ్చంగా మాసే కావాలంటే, చేసినవారిని వెతికి, వాళ్ళ అనుమతితో, వాళ్ళ వాటాతో చేయండి. ఇంకో మాట. 1903 నుంచి మద్రాసు ఓడల్లో వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళు ఉన్నారు కాబట్టి దీన్ని ఫిజీ తెలుగువాళ్ళ కళ అని అమ్మే ప్రయత్నం ఒకటి చూశాను. అది తప్పు. మాసి అక్కడి మూలవాసులైన ఇతౌకెయ్ ప్రజలది. మనవాళ్ళు అక్కడికి చెరకు కోయడానికి వెళ్ళారు.

గాజుపెట్టె:

దాచడం గురించి నేను రాస్తాను.

నీళ్ళు చిలకరించకండి. టానిన్ రంగు నీటితోపాటు కదిలి, తడి ఆగినచోట గోధుమ గీత కడుతుంది, అది ఇక పోదు. పిండి జిగురుతో అతికినవైతే అతుకులు కూడా విడిపోతాయి. ఇస్త్రీ వేడికి పీచు పెళుసవుతుంది, మడత ఉన్నచోట పూర్తిగా తెగుతుంది. మడతలు సడలాలంటే వానాకాలం గాలి చాలు. గుడ్డను బల్ల మీద రెండు మూడు రోజులు పరచి వదిలేయండి. మెత్తబడ్డాక మడత మీద బ్లాటింగ్ పేపరు, దాని పైన చిన్న గాజు పలకలు బరువుగా పెట్టి, రోజూ కొంచెం కొంచెం జరుపుతూ ఉండండి. పూర్తిగా చదును కాకపోతే అక్కడితో ఆపండి.

తిరిగి మడవకూడదు. పది సెంటీమీటర్లు లేదా అంతకంటే లావు గొట్టానికి ఆమ్లం లేని కాగితం చుట్టి, దాని మీద గుడ్డను రంగు వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టాలి. రంగు వైపు లోపలికి చుడితే మందంగా రంగున్న చోట ముడత పడి పెచ్చు లేస్తుంది. పైన గంజి లేకుండా ఉతికిన కోరా గుడ్డ. పాలిథిన్ వద్దు, మచిలీపట్నం గాలికి లోపల చెమ్మ చేరి బూజు పట్టేస్తుంది.

పురుగు సంగతి మరీ ముఖ్యం. పిండి జిగురు బొద్దింకలకు, వెండి పురుగులకు ఇష్టం. అనుమానం ఉంటే పాలిథిన్‌లో గాలి తీసేసి గట్టిగా మూసి, డీప్ ఫ్రీజర్‌లో సున్నాకు 18 డిగ్రీల కింద రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి, ఒక రోజు ఆగండి. లేకపోతే చల్లటి గుడ్డ మీద నీటి చుక్కలు పడతాయి. నేఫ్తలిన్ ఉండలు, కర్పూరం గుడ్డకు తగలనివ్వకండి.

ఫ్రేము కట్టేవాళ్ళు మామూలుగా ప్లైవుడ్ మీద ఫెవికాల్‌తో అతికించేస్తారు. బెరడు గుడ్డ చెమ్మకు సాగుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. చుట్టూ అతికిస్తే ముడుచుకునే చోటు లేక మధ్యలో చీలుతుంది. పై అంచున మాత్రమే, వెనక వైపు, జపాన్ పల్చటి కాగితం ముక్కలను గోధుమ పిండి జిగురుతో అంటించి వేలాడదీయాలి. మిగతా మూడు వైపులా స్వేచ్ఛగా ఉండాలి. అద్దం గుడ్డకు తగలకుండా కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ. ఎండ నేరుగా పడే గోడ వద్దు.

ఒకసారి వెలుతురుకు పట్టి నారల గీతలు ఎలా ఉన్నాయో కూడా చూసుకోండి. న్యూజిలాండ్‌లోని టోంగా కుటుంబాలు కింద పొరకు బదులు, కాలరు లోపల వేసే నేయని కృత్రిమ గుడ్డ వాడి న్గాతు చేస్తాయి. అక్కడి కార్యాల్లో అది మామూలే, నకిలీ అనకూడదు. కానీ దాన్ని దాచే పద్ధతి వేరు. పై పొర ఊపిరి తీసుకుంటుంది, కింద పొర కదలదు, కాబట్టి చెమ్మ మారినప్పుడు బుడగలు లేస్తాయి. నార అక్కడక్కడా లావు సన్నంగా, అతుకు ముక్కలతో ఉంటే అచ్చంగా బెరడే. అంతా ఒకే మందంగా, పొగమంచులా ఉంటే కింద కృత్రిమ పొర ఉన్నట్టు.

పెడన_అచ్చుబల్ల:

అందరికీ కృతజ్ఞతలు. అచ్చు చెక్కించే ఆలోచన మానేశాను, కొనుగోలుదారుకు సొంత గళ్ళ నమూనా చూపిస్తాను. చెట్టు ప్రశ్న ఒక్కటి మిగిలింది. నేర్చుకోవడం కోసం మా పెరట్లో నాలుగు మొక్కలు వేసుకుంటే?

కడలి_కబురు:

వేయకండి. పేపర్ మల్బరీలో ఆడ, మగ చెట్లు వేరు. పసిఫిక్‌కు వలస వెళ్ళినవాళ్ళు తైవాన్ వైపు నుంచి పిలకలుగా మోసుకెళ్ళింది దాదాపు అంతా ఆడ మొక్కలే. 2015లో వచ్చిన జన్యు పరిశోధన ఆ దారిని తైవాన్ దాకా పట్టి చూపింది. పూతలో పుప్పొడి లేదు, గింజ కట్టదు, నాటినచోట తప్ప రాదు. వాళ్ళకు అలా కలిసొచ్చింది. బయట దొరికే మొక్కలకు ఆ హామీ లేదు. ఇస్లామాబాద్‌లో నగరం పచ్చగా ఉండాలని వేసిన చెట్లలో మగవి కూడా ఉండటంతో, ప్రతి వసంతంలో పుప్పొడి వల్ల ఉబ్బసంతో జనం ఆసుపత్రులకు పరుగెడుతున్నారు. పిట్టలు గింజలు మోసి అడవుల్లోకీ పాకింది. పైగా పిలకలు గోడ కింద నుంచి పక్కింటికి వెళ్ళిపోతాయి.

నేర్చుకోవడానికే అయితే చేతి కాగితం సరుకు అమ్మేవాళ్ళ దగ్గర ఎండిన కోజో నార దొరుకుతుంది. తొక్క తీసిన తెల్ల నారే అడగండి. ఒక రాత్రి మామూలు నీళ్ళలో నానబెట్టండి. కాగితం వాళ్ళు చేసినట్టు సోడాతో ఉడకబెట్టకండి, నార విడిపోయి గుజ్జవుతుంది, గుడ్డ రాదు. గట్టి చెక్క దుంగ కావాలి, సిమెంటు గట్టు మీద కొడితే నార తెగుతుంది. సుత్తికి మీ అచ్చు చెక్కే వడ్రంగి చాలు. టేకు కర్ర నాలుగు పలకలుగా చెక్కి, ఒక పలకకు వెడల్పు గాళ్ళు, ఒకదానికి సన్నవి, మిగతా రెండు నున్నగా. గాళ్ళ అంచులు పదునుగా ఉంటే నార కోసుకుపోతుంది, ఉప్పుకాగితంతో గుండ్రం చేయించండి. మధ్య నుంచి అంచులకు కొట్టుకుంటూ వెళ్ళండి. చేతికి నార పొడిగా తగలగానే తడి చేయి అద్దండి, నీళ్ళు పోయకండి. చిల్లు పడితే అదే నార ముక్క పెట్టి తడి మీదే కొట్టేయొచ్చు. ఆరాక పడిన చిల్లుకు మాత్రం జిగురే దిక్కు. వంటింటి ఆరారూట్ వేరే మొక్కదే అయినా ఈ పనికి సరిపోతుంది, చిక్కగా కాచి చల్లారాక వేలితో రాయండి.